చెక్కపని ముచ్చట్లు: బీరు ట్యాపుకి బొమ్మ పిడి

పోయిన సంచికలో మా అల్లుడి బీరు ఫ్రిజ్ ఫొటో ఒకటి వేశాం. దానికి మూడు ట్యాపులు, మూడింటికీ నేను లేత్ మీద చేసిన లక్క పిడులు. ఆ ఫొటో చూసి వచ్చినన్ని ఉత్తరాలు పూజగది తలుపుల మీద రాసినప్పుడు కూడా రాలేదు! అందుకని ఈసారి శీర్షిక మొత్తం పిడులకే. ముందే చెబుతున్నాను, నేను బీరు తాగను. ఈస్ట్ గురించీ నురగ గురించీ అడిగినవాళ్ళ ఉత్తరాలు అల్లుడి చేతిలో పెట్టేశాను, అతను రాస్తాడో లేదో అతని ఓపిక. చెక్క సంగతి మాత్రం నన్ను అడగండి.

ప్రశ్న: పిన్నిగారూ, నేను ఇంట్లో బీరు కాస్తాను. చెస్ట్ ఫ్రీజర్‌కి చెక్క చట్రం కట్టి నాలుగు ట్యాపులు పెట్టాను. వాటితో వచ్చిన నల్ల ప్లాస్టిక్ పిడులు చూస్తుంటే ఆఫీసులో వాటర్ కూలర్ గుర్తొస్తోంది. మా అమ్మ ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చింది. వాటిని పిడులుగా మార్చుకోవచ్చా? నా దగ్గర చేతి డ్రిల్లు, చిన్న వైస్ తప్ప ఇంకేమీ లేవు. (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: నిక్షేపంగా మార్చుకోవచ్చు బాబూ. అయితే ట్యాపు మీదకి ఎక్కాక అది బొమ్మ కాదు, మీట. పొడవు, బరువు, నిలువు, ఈ మూడూ కుదిరాకే అందం సంగతి.

ముందు టేపు తీసుకుని ట్యాపుకీ ట్యాపుకీ మధ్య దూరం కొలవండి. సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. బొమ్మ పొట్ట అంతకన్నా ఒక అంగుళమైనా తక్కువ ఉండాలి, లేకపోతే పక్కపక్క బొమ్మలు భుజాలు రాసుకుంటాయి, చెయ్యి దూరదు. తర్వాత ఫ్రీజర్ మూత ఎత్తి చూడండి. మూత అంచు పిడులకి తగిలేలా ఉంటే పొడుగు బొమ్మలు మానుకోండి. ఇది చూసుకోకుండా అడుగు పొడవు పిడి పెట్టుకుని, మూత తీసిన ప్రతిసారీ పిడులన్నీ విప్పుకునే మహానుభావులు నాకు తెలుసు.

ఇప్పుడు బొమ్మ ఎంచుకోవాలి. ఏటికొప్పాకలో చేసేది అంకుడు కర్రతో. నేను పుట్టింది ఆ పక్కనే, ఎలమంచిలి దగ్గర, కాబట్టి కాస్త గొప్పలు చెప్పుకుంటాను, భరించండి. వరాహ నది ఒడ్డున ఆ ఊరు. అంకుడు కర్ర తెల్లగా, సన్నటి పోగుతో ఉంటుంది, ఉలికి హాయిగా లొంగుతుంది. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పెడితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. రంగులు గింజల నుంచి, బెరళ్ళ నుంచి, వేర్ల నుంచి తీసినవి. 2017లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు (ఇవి ఆ ఊరి సొత్తేనని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. మీకు కావాల్సింది ఒకే ముక్కలో గట్టిగా ఉన్న బొమ్మ. కుంకుమ భరిణెలు, మూతల డబ్బాలు లోపల డొల్ల, పనికిరావు. తల విడిగా తిరిగే బొమ్మలూ వద్దు. అడుగు భాగం కనీసం అంగుళం పావు వెడల్పు ఉంటే బెజ్జం చుట్టూ తగినంత కర్ర మిగులుతుంది.

అమెరికాలో ట్యాపు మీట మర 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. దానికి సరిపోయే ఇత్తడి ఇన్‌సర్ట్ హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. బయట ముతక మర, అది కర్రని పట్టుకుంటుంది. లోపల సన్న మర, అది ట్యాపుకి ఎక్కుతుంది. ఎంత బెజ్జం పెట్టాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. కంపెనీకో కొలత, అందుకని నేను చెప్పను, ప్యాకెట్ చదవండి.

బొమ్మకి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, తలకిందులుగా వైస్‌లో బిగించండి. మరీ నొక్కేస్తే లక్క మీద గాటు పడుతుంది. అడుగున జాగ్రత్తగా చూస్తే చిన్న చుక్కలాంటి గుర్తు ఉంటుంది, లేత్ నుంచి కోసి తీసినప్పుడు మిగిలేది. అదే అసలు కేంద్రం, స్కేలు పెట్టి వెతకక్కర్లేదు. అడుగు మీదా అంచుల చుట్టూ కాగితపు టేపు అంటించండి, లక్క పెచ్చులు లేవకుండా. ముందు సన్న డ్రిల్లుతో దారి చేసి, తర్వాత ఒక్కో సైజూ పెంచుకుంటూ వెళ్ళండి. రెండు మూడు క్షణాలకోసారి డ్రిల్లు బయటికి తీసి పొట్టు ఊదెయ్యండి. డ్రిల్లు వేడెక్కిందంటే బెజ్జం అంచున లక్క మెత్తబడి సాగుతుంది, ఆ మచ్చ మళ్ళీ పోదు. మీరు డ్రిల్లు పట్టుకున్నంతసేపూ ఇంకొకరిని పక్కనుంచి చూడమనండి, నిటారుగా దిగుతోందో లేదో పైనుంచి మీకు తెలీదు. వంకర పోతే పిడి వంకర నిలబడుతుంది. పక్కకి వంగితే చూడ్డానికి బాగోదు, అంతే. ముందుకి వంగితే ట్యాపు తెరుచుకుంటుంది.

ఇన్‌సర్ట్ దింపడానికి స్క్రూడ్రైవర్ వాడకండి, ఇత్తడి గాడి చీలిపోతుంది. ఒక 3/8 బోల్టుకి రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, దాని కొసకి ఇన్‌సర్ట్ ఎక్కించి, బెజ్జంలో కొంచెం ఎపాక్సీ (రెండు ముద్దలు కలిపి వాడే గట్టి జిగురు) రాసి, స్పానర్‌తో పావు చుట్టు చొప్పున తిప్పండి. ఒక రోజు ఆరనివ్వండి.

బిగించేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పిడి పూర్తిగా బిగిసేసరికి బొమ్మ మొహం గోడవైపు తిరిగి ఉంటుంది! అందుకని ముందుగా మీట మీద పల్చటి 3/8 నట్టు ఒకటి ఎక్కించండి. బొమ్మని మొహం మీవైపు వచ్చేదాకా తిప్పి ఆపి, కింద నుంచి నట్టుని పైకి బిగించెయ్యండి.

ఆఖరుది, అన్నిటికన్నా ముఖ్యమైనది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. బీరు చుక్క పడితే భయం లేదు, అందులో ఉండే ఐదారు శాతం ఏమీ చెయ్యదు, తడిగుడ్డతో తుడిచేస్తే చాలు. కానీ ట్యాపు మూతి శుభ్రం చెయ్యడానికి ఆల్కహాల్ స్ప్రే కొట్టే అలవాటు మీవాళ్ళందరికీ ఉంది. అది పిడి మీద పడిందా, రంగు జిగురై మీ వేళ్ళకి వచ్చేస్తుంది. స్ప్రే కొట్టేముందు పిడి విప్పి పక్కన పెట్టండి. పైన పాలీయురెథేన్ వార్నిష్ వేస్తే రక్షణ కదా అని మీరు అడగబోతారని తెలుసు. లక్కలో మైనం ఉంటుంది, దాని మీద అది పట్టదు, కొన్నాళ్ళకి పొరలు పొరలుగా లేస్తుంది. ఏమీ వెయ్యకండి.

ప్రశ్న: మేడమ్, వైజాగ్‌లో మా బావమరిది చేత వడ్రంగి దగ్గర టేకు పిడులు చేయించి తెప్పించాను. అడుగున నట్టు కూడా పెట్టించాడు. ఇక్కడ ట్యాపుకి ఎక్కించబోతే రెండు మూడు చుట్లు లొడలొడలాడుతూ ఎక్కి బిగుసుకుపోతున్నాయి. గట్టిగా తిప్పితే ఎక్కుతాయా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: తిప్పకండి! పిడి పోతే ఇంకోటి చేసుకోవచ్చు, మీట మర చెడితే ట్యాపుకే ఖర్చు. మీ బావమరిది పెట్టించింది ఎం10 నట్టు అయి ఉంటుంది. అది 10 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.5 మి.మీ. మీ ట్యాపుది 3/8 అంగుళం, అంటే 9.5 మి.మీ. పైచిలుకు, చుట్టుల దూరం 1.59 మి.మీ. చూపుకి రెండూ ఒకటే. ఎక్కేకొద్దీ ఆ తేడా పోగుపడి ఇరుక్కుంటుంది.

టేకు కాబట్టి దిగులు లేదు. నట్టుని ఎపాక్సీతో అంటించి ఉంటే, సోల్డరింగ్ ఐరన్ మొన నట్టు లోపల పెట్టి కాసేపు వేడి చెయ్యండి. జిగురు మెత్తబడుతుంది, శ్రావణంతో లాగేయొచ్చు. ఆ గుంటలో గట్టి కర్ర మేకు దింపి అంటించి, ఆరాక అడుగు చదును చేసి, కొత్తగా బెజ్జం పెట్టి 3/8 ఇన్‌సర్ట్ దింపుకోండి.

ఇంకోసారి చేయించేటప్పుడు రెండు దారులున్నాయి. ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళ చేత ఇన్‌సర్టులు పంపించండి, బరువెంతని. లేదా బావమరిదిని పాత ఇనప సామాన్ల కొట్టుకి పంపి 'మూడు సూత్ బోల్టు, దానికి నట్టు' అని అడగమనండి. అది 3/8 అంగుళమే. బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి విట్‌వర్త్ మర అయినా అంగుళానికి 16 చుట్లే కాబట్టి పిడి బిగించేపాటి పనికి చక్కగా సరిపోతుంది. యూరప్‌లో ఉన్న పాఠకులు మాత్రం నా కొలతలు నమ్మి కొనెయ్యకండి. అక్కడి ట్యాపుల్లో మెట్రిక్ మరలూ ఉంటాయి, మీట విప్పి కొట్టుకి పట్టుకెళ్ళండి.

ప్రశ్న: ఆంటీ, మేము హైదరాబాద్ మణికొండలో ఉంటాం. ఇంట్లోనే బీరు కాచి, ఇలాంటి ట్యాపులు పెట్టుకోవాలని ఉంది. పిడులు ఎక్కడ దొరుకుతాయి? (హైదరాబాద్)

జవాబు: పిడుల దాకా ఎందుకు బాబూ, ముందు కాయడమే కుదరదు. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అమ్మకపోయినా, మీ ఇంట్లో మీరే తాగినా అంతే. మీ ఊళ్ళో అక్కడికక్కడే బీరు కాచి అమ్మే మైక్రోబ్రూవరీలు లైసెన్సు తీసుకుని నడుపుతున్నవి.

అమెరికాలో కూడా ఇంట్లో బీరు కాచుకునే అనుమతి మొదట్నుంచీ లేదు. 1978లో కార్టర్ అధ్యక్షుడిగా ఉండగా ఆ చట్టం మీద సంతకం పెడితే తర్వాతి ఏడాది ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకన్నా ఎక్కువా ఉంటే 200. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోనేలేదు.

ట్యాపు మోజు తీరాలంటే కోల్డ్ బ్రూ కాఫీ, సోడా పెట్టుకోండి. పరికరాలు అవే, పిడులూ అవే. మజ్జిగ పెట్టొచ్చా అని మళ్ళీ రాయకండి, ఆ గొట్టాలు కడగలేక చస్తారు.

ప్రశ్న: పిన్నిగారూ, మా ఆయన పది ట్యాపుల గోడ కడుతున్నారు, మీరు నమ్మండి, పది! దానికి కొండపల్లి దశావతారాల సెట్ తెప్పించి, ఒక్కో ట్యాపుకి ఒక్కో అవతారం పెడతానంటున్నారు. లెక్క సరిపోయిందని మురిసిపోతున్నారు. వచ్చే నెల మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీరైనా చెప్పండి. (సన్నీవేల్, కాలిఫోర్నియా)

జవాబు: అమ్మాయ్, మీ ఆయనకి ఈ పేజీ చూపించు. నాయనా, వద్దు. నరసింహస్వామి మెడ పట్టుకుని ముందుకి లాగి గ్లాసులో బీరు పోసుకోవడం నీకు తప్పుగా అనిపించకపోవచ్చు. ఇంటికి వచ్చినవాళ్ళలో సగంమందికి అనిపిస్తుంది, అందులో మీ నాన్నగారు మొదటివారు. దసరా బొమ్మల కొలువులో పెట్టుకో, ఆ సెట్ విలువ అక్కడే.

ఇక చెక్కపని లెక్కన చూసినా కుదరదు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేత్తో పట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిక, గోటితో నొక్కితే సొట్ట పడేంత మెత్తన. చేతులు, కిరీటం, ఆయుధాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. షోకేసులో వందేళ్ళు ఉంటుంది. రోజూ పట్టుకుని లాగితే వామనుడి గొడుగు వారంలో చేతికొస్తుంది. ఇన్‌సర్ట్ దింపినా పొణికిలో మర నిలవదు, మెల్లగా పీకేసుకుని వచ్చేస్తుంది.

కొండపల్లే కావాలంటే మటుకు, తాడిచెట్టు ఎక్కే కల్లు గీత కార్మికుడి బొమ్మ ఉంటుంది చూడు. బీరు ట్యాపుకి అంతకన్నా తగినది నాకు ఇంకోటి తోచదు. సన్నగా, నిలువుగా ఉంటుంది, పక్క ట్యాపుని తాకదు. అదెలా పెట్టాలో చెబుతాను. బొమ్మలో బెజ్జం పెట్టొద్దు. మేపుల్ కర్రతో మూడున్నర అంగుళాల ఎత్తు పిడి ఒకటి లేత్ మీద చేయించు, అడుగున ఇన్‌సర్ట్, పైన చిన్న గుండ్రటి పీట. ఆ పీట మీద బొమ్మ పీఠాన్ని అతికించు. చెయ్యి పడేది మేపుల్ మీద, చెట్టు పైన ఊరికే నిలబడి ఉంటుంది. పొణికి తేలిక కాబట్టి పైన బరువూ ఉండదు. తాటాకుల కొసలు మాత్రం తగిలితే విరుగుతాయి, అందుకని చివరి ట్యాపుకి పెట్టుకో, మధ్యలో వద్దు. మిగతా తొమ్మిదికీ ఎడ్లబండి, ఏనుగు అంబారీ, తలపాగా చుట్టుకున్న ఊరివాళ్ళు, ఇలా ఎన్నో ఉన్నాయి. దేవుళ్ళ జోలికి వెళ్ళకుండా కొండపల్లిలో పది కాదు, యాభై దొరుకుతాయి.

ప్రశ్న: నమస్కారం అండీ. మా స్నేహితుడు ఇత్తడి సింహం తల పిడి పోత పోయించి బహుమతిగా ఇచ్చాడు. చూడ్డానికి అదిరిపోయింది. కానీ రాత్రి ఎవరూ ముట్టుకోకుండానే ట్యాపు కారి, పొద్దున్నకి గరాజ్ అంతా బీరు. కెగ్ (బీరు పీపా) ఖాళీ. ఎందుకిలా? (నేపర్‌విల్, ఇలినాయ్)

జవాబు: ఎవరూ ముట్టుకోలేదు, సింహమే ముట్టుకుంది. మామూలు ట్యాపులో మీట ముందుకి వస్తే దారి తెరుచుకుంటుంది, వెనక్కి పోతే మూసుకుంటుంది. పిడి పైభాగం బరువైతే, ఎవరో తలుపు గట్టిగా వేసిన అదురుకో, సరిగ్గా వెనక్కి నెట్టకపోవడం వల్లో, రవ్వంత ముందుకి ఒరిగిందంటే మిగతాది ఆ బరువే లాగేసుకుంటుంది. చిన్న కెగ్గే అయినా 19 లీటర్లు. కింద పెట్టే పళ్ళెం ఏం ఆపుతుంది!

బరువైన పిడి ఏది పెట్టినా ముందు ఈ పరీక్ష చెయ్యండి. బీరుని ట్యాపులోకి నెట్టే గ్యాస్ కట్టేసి, పిడి బిగించి, వేలితో కొంచెం ముందుకి నెట్టి వదిలెయ్యండి. ఆగిందా, సరే. దానంతటదే పడిపోయిందా, ఆ ట్యాపుకి ఆ పిడి వద్దు. కొన్ని రకాల ట్యాపులకి మీటని వెనక్కి లాగే స్ప్రింగు విడిగా అమ్ముతారు, మీ ట్యాపు పేరు చెప్పి అడిగి చూడండి. అది దొరికితే సింహాన్ని దాచుకోవచ్చు.

ఇత్తడే కావాలంటే పోత పని కాకుండా రేకు పని వెతకండి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుని అచ్చు మీద సుత్తితో కొట్టి బొమ్మ తేలుస్తారు. లోపలంతా డొల్ల, బరువు అంతంతే. దాన్ని సన్నటి కర్ర పిడికి తొడిగితే రాజసం తగ్గదు, ట్యాపూ కారదు. తడి చేతులు తగిలి నల్లబడుతుంది, అప్పుడప్పుడూ చింతపండు రాయండి. మీ ఇంట్లో ఇత్తడి బిందెకి చేసేదే.

ప్రశ్న: తిరుపతి వైపు చెక్కే ఎర్రచందనం బొమ్మలు పిడులుగా తెచ్చుకోవచ్చా? (సియాటిల్)

జవాబు: వద్దండీ. ఎర్రచందనం సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో పట్టికలో ఉన్న చెట్టు, సరైన కాగితాలు లేకుండా దేశం దాటించకూడదు. పిడి కోసం ఎయిర్‌పోర్టులో సంజాయిషీ చెప్పుకోవడం అవసరమా? మామూలు కర్ర బొమ్మలైనా డిక్లేర్ చెయ్యండి. బెరడు ఉన్నవీ పురుగు బెజ్జాలు కనిపించేవీ అసలు పెట్టెలో పెట్టకండి.

ప్రశ్న: గత వేసవిలో రాజమండ్రి నుంచి తెచ్చిన పాత కవ్వాన్ని కోసి పిడి చేశాను. అందరూ మెచ్చుకున్నారు. సంక్రాంతి నాటికి నిలువునా పగులిచ్చింది. కర్ర మంచిది కాదా? (మినియాపొలిస్)

జవాబు: కర్ర మంచిదే, మీ ఊరి చలికాలమే మంచిది కాదు. గోదావరి పక్కన పుట్టి పెరిగిన కర్ర ఆ గాలిలో తేమకి అలవాటు పడి ఉంటుంది. మీ ఇంట్లో హీటరు నెలల తరబడి నడిస్తే గాలి ఎండిపోయి, కర్రలో నీరంతా లాగేస్తుంది. బయటి పొర ముందు కుంచించుకుపోతుంది, లోపలిది ఇంకా పోదు, అప్పుడు ఎక్కడో చోట విచ్చుకోవాలి కదా. మీరు బెజ్జం పెట్టిన చోటే విచ్చుకుని ఉంటుంది.

తెచ్చిన వెంటనే కొయ్యకండి. కోసిన చివరలకి మైనం పూసి, కాగితం సంచిలో పెట్టి, ఒక చలికాలం ఇంట్లో వదిలెయ్యండి. పగిలేదైతే అప్పుడే పగులుతుంది, మీ శ్రమ మిగులుతుంది. ఇప్పుడున్న పగులు వెంట్రుకంత సన్నదైతే పల్చటి సూపర్ గ్లూ పోసి, అదే కర్ర పొట్టు అద్ది, ఉప్పు కాగితంతో రుద్దండి. కవ్వం ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది. తల పైకి వచ్చేలా పెట్టారనే అనుకుంటున్నాను. ఆ గాడుల్లో వేళ్ళు సరిగ్గా ఇముడుతాయి.

ప్రశ్న: అమ్మా, మా తాతగారు చీరాలలో మగ్గం నేసేవారు. ఆయన వాడిన నాడె ఒకటి నా దగ్గర ఉంది. రెండు కొసలా ఇనప మొనలు, మధ్యలో కండె పెట్టే గాడి, చెయ్యి పడి పడి నున్నగా అయిపోయింది. దాన్ని నా బీరు ట్యాపుకి పిడిగా పెట్టుకోవాలని ఉంది. మా అన్నయ్య 'తాతగారి నాడెకి బెజ్జం పెడతావా' అని కోప్పడుతున్నాడు. మీరేమంటారు? (అట్లాంటా)

జవాబు: మీ అన్నయ్యదీ తప్పు లేదు, మీదీ తప్పు లేదు. బెజ్జం పెట్టకుండా పెట్టుకుంటే ఇద్దరికీ బాధ ఉండదు.

నాడె అంటే పిడికి పుట్టిన ఆకారమే. నేతలో దాన్ని అటూ ఇటూ రోజంతా విసురుతారు కాబట్టి గట్టి కర్రతో చేస్తారు, పోగులకి ఎక్కడా తగులుకోకుండా నునుపు చేస్తారు. మగ్గం మీద పడ్డ దెబ్బల ముందు ట్యాపు లాగుడు ఒక లెక్కా? సన్నగా ఉంటుంది, పక్క ట్యాపుతో పేచీ లేదు. అడుగు పొడవు దాకా ఉంటుంది కాబట్టి తెరవడానికి బలం అక్కర్లేదు. అదే దాని ఇబ్బంది కూడా, పిల్లలు వేలితో తాకినా తెరుచుకుంటుంది. ఫ్రిజ్ మూల గదిలో పెట్టుకోండి, లేదా పైన చెప్పిన స్ప్రింగు వేయించండి.

ఇలా చెయ్యండి. వాల్‌నట్ కానీ టేకు కానీ రెండున్నర అంగుళాల దిమ్మ ఒకటి తీసుకోండి. అడుగున 3/8 ఇన్‌సర్ట్. దిమ్మని నిలువునా రెండు చెక్కలుగా కోసి, ఒక్కో చెక్క లోపలి వైపు నాడె కొస ఆకారంలో గుంట తొలవండి. ఆకారం ఎలా తెలుస్తుందంటారా? నాడె కొసకి సుద్ద రాసి గుంటలో నొక్కి తీయండి. సుద్ద అంటిన చోట ఇంకా కర్ర ఉందన్నమాట, అక్కడే ఉలి పెట్టి కొంచెం గీకండి. మళ్ళీ నొక్కండి. సుద్ద గుంటంతా సమానంగా అంటేదాకా ఇదే పని. ఓపిక కావాలి, ఒక సాయంత్రంలో అయ్యేది కాదు. అయ్యాక లోపల పల్చటి తోలు అంటించి, నాడె కొసని మధ్యలో పెట్టి, రెండు చెక్కల్నీ రెండు ఇత్తడి మరమేకులతో అడ్డంగా బిగించండి. మరమేకులు నాడె పక్కనుంచి పోవాలి, దానిలోంచి కాదు. కింది ఇనప మొన తోలులో దాక్కుంటుంది, పైమొన బయటికి కనిపిస్తుంది. ఇన్‌సర్ట్ మాత్రం ఒక చెక్కలోనే పూర్తిగా ఉండాలి. సరిగ్గా అతుకు మీద పెడితే బిగించినప్పుడు దిమ్మ విచ్చుకుంటుంది. అందుకే దిమ్మని సమానంగా కాకుండా ఒకటి మందంగా, ఒకటి పల్చగా కొయ్యండి.

నాడెకి వార్నిష్ వెయ్యొద్దు. మీ తాతగారి చెయ్యి చేసిన మెరుపు ఏ డబ్బాలోనూ దొరకదు. ఇనప మొనకి తుప్పు పట్టకుండా చుక్క నూనె చాలు. కండె గాడి ముందువైపు రానివ్వండి. అందులో చిన్న అట్ట ముక్క దోపి దాని మీద బీరు పేరు రాసుకోవచ్చు. మీ అన్నయ్య ఎప్పుడైనా 'నాడె నాకివ్వు' అంటే రెండు మరమేకులు విప్పి చేతిలో పెట్టెయ్యడమే.

ప్రశ్న: నేను నెలకో రకం బీరు కాస్తాను. ప్రతిసారీ కొత్త పిడి చెయ్యాలా? పేరు లేకపోతే ఏ ట్యాపులో ఏముందో నాకే గుర్తుండటం లేదు. (చార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: పేరు గొడవ మీతో మొదలైంది కాదు. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాలు ట్యాపు దగ్గర ఏ బీరో పేరు కనిపించాలని పట్టుబట్టాయి. అప్పట్లో బార్లలో పిడులు గుండ్రటి గోళీకాయలు, ముందువైపు బిళ్ళ మీద కంపెనీ పేరు. ఆ బిళ్ళలు మార్చుకునే పద్ధతే మీకూ మేలు. పిడి ముందు భాగాన్ని లేత్ నుంచి తీశాక రంధాతో అంగుళం వెడల్పున చదును చేయించండి. దాని మీద బ్లాక్‌బోర్డు రంగు రెండు పూతలు వేస్తే సుద్దముక్కతో రాసి చెరుపుకోవచ్చు. తడి చెయ్యి తగిలి చెరిగిపోతోందంటే, చదును చేసిన చోట చిన్న అయస్కాంతం పొదిగించి పల్చటి రేకు బిళ్ళలు చేయించుకోండి. మా అల్లుడు ఈ రెండూ కాదని పిడి మెడకి దారం కట్టి అట్టముక్క వేలాడదీస్తాడు. ఆ అట్టముక్కలు నా లక్క మీద గీతలు పెడుతున్నాయని చెప్పి చెప్పి అలిసిపోయాను, మీరు మాత్రం అయస్కాంతమే పెట్టుకోండి.